యుడిత నేర్పిన ఒక్క మాట

యుడిత పెద్దమ్మ మా గుమ్మం ఎక్కిందంటే నాన్న మొహం విచ్చుకునేది, అమ్మ మొహం ముడుచుకుపోయేది. ఆవిడ ఊరికే వచ్చే మనిషి కాదు. వచ్చి వెళ్లిందంటే ఆ ఇంట్లో ఒక పిల్ల తగ్గుతుంది, ఎవరో ఎరగని పిల్ల వచ్చి ఆ మంచం మీద పడుకుంటుంది.

తీస నదికి ఇవతల మావి నాలుగు ఊళ్లు. మాది స్లొవాకుల ఊరు. మొక్కజొన్న చేలు దాటితే హంగేరీ వాళ్లది, రాదారికి అటుపక్క జర్మన్లది, అన్నిటికంటే చివర్న కొండల మీంచి దిగొచ్చి చిత్తడి నేల ఎండబెట్టుకుని బతుకుతున్న సెర్బులది. నాలుగింటికీ కలిపి సంత ఒకటే, పిండిమర ఒకటే. పొరుగువాడి భాష రానివాడు ఆ సంతలో నోరుండీ మూగవాడు. అందుకే మేం పిల్లల్ని మార్చుకునేవాళ్లం. మీ పిల్ల మా ఇంట్లో, మా పిల్ల మీ ఇంట్లో, ఈ కోతల నుంచి వచ్చే కోతల దాకా. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ రెండో భాష వచ్చేది, రెండో అమ్మ కూడా దొరికేది. దీనికి ఒప్పందం కాగితాలేం ఉండవు. మా పిల్లని మీరెలా చూస్తే మీ పిల్లని మేం అలా చూస్తాం, అంతే. ఈ మాట ఎవరూ పైకి అనరు కానీ అందరి కడుపులోనూ ఉంటుంది.

ఏ పిల్ల ఏ ఇంటికి వెళ్లాలో తేల్చేది యుడిత. ఒకదాని మీద ఒకటి వేసుకున్న లంగాలు గరగరలాడిస్తూ, మగవాళ్లకంటే పెద్ద అడుగులేస్తూ నాలుగు ఊళ్లూ తిరిగేది. ఎవరింట్లో అత్తాకోడళ్లు కొట్టుకుంటున్నారో, ఎవరు కుక్కకి కూడా పెట్టకుండా తింటారో అన్నీ ఆవిడకి కావాలి. ప్రతిఫలం అంటూ తీసుకునేది కాదు. పందిని కోసినరోజు ఒక సాసేజ్ చుట్ట పంపితే చాలనేది, పంపకపోతే మాత్రం ఏడాదంతా దెప్పేది.

పిల్లల్ని పంపేముందు వాళ్లని తన వంటింట్లో కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క మాట నేర్పేది. నా వంతు వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. జర్మన్ల ఇంటికి వెళ్లాలి. ముందురోజు నుంచీ ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమే మర్గితా, నొ అంటే ఏంటి?" అంది.

"అవును అని."

"ఎవరికి?"

"అందరికీ."

"అందరికీనా! మీ అమ్మకీ నాకూ ఈ వీధికీనే తల్లీ. హంగేరీ వాళ్లింట్లో నొ అన్నారనుకో, 'ఊఁ, ఇంక కదులు' అని. నువ్వెళ్లే ఇంట్లో ఆ ముసలాయన నొ అంటే 'ఆ తర్వాత' అని. ఆయన కథ మొదలెడితే ఆ తర్వాత, ఆ తర్వాత అంటానే ఉంటాడు, నిద్రపోకు. ఆ కొండ సెర్బులంటే 'కానీ' అని. గొడుగులు బాగుచేస్తానంటూ ఇటలీ నుంచి వస్తాడే బక్కోడు, వాడంటే 'కాదు' అని."

"మరి నాకెట్టా తెలుస్తుంది?"

"మాట వినగానే ఎగిరి గంతెయ్యకు. మొహం చూడు, చెయ్యి చూడు. ఆ చేతిలో రొట్టె ఉందా చీపురుందా చూడు. మాటదేముంది, ఇంటింటికీ మారుద్ది. మొహం ఎక్కడికెళ్లినా మొహమే."

ఇంత చిన్న మాటకి ఇన్ని వేషాలా అని నవ్వొచ్చేది. నేనూ నవ్వాను. ఆవిడకి కావలసింది అదే. నవ్వించాక ఇక రెండో కథ ఎత్తుకునేది. ఆ కథలో మాత్రం నవ్వు ఉండేది కాదు.

యుడిత చిన్నప్పుడు ఆవిడని హంగేరీ ఊళ్లో బొర్బాలా అనే ఆవిడ ఇంటికి పంపారు. బొర్బాలా కూతురు ఎటెల్క ఇక్కడ యుడిత వాళ్లింటికి వచ్చింది. మొదటి సాయంత్రం యుడిత ఇంటికెళ్లిపోతానని ఏడుస్తుంటే బొర్బాలా ఇంక ఊరుకో అన్నట్టు తల నిమురుతూ "నొ, నొ" అందట. ఆ మాటకి అక్కడి అర్థం తెలియక, సరేనంటోంది కాబోలనుకుని యుడిత మూట సర్దుకుని గడప మీద కూర్చుంది, బండి వస్తుందని. బొర్బాలా పీట తెచ్చుకుని పక్కన కూర్చుని, పిల్ల నిద్రలో ఒరిగిపోయాక ఎత్తుకెళ్లి పడుకోబెట్టింది. అలాంటి ఇల్లు అది. మీగడ ముందు యుడితకి పెట్టి తర్వాత సొంత కొడుకులకి పెట్టేవాళ్లు.

అయినా యుడితకి ఇంటి మీదే బెంగ. చలికాలం మొదట్లో తిరునాళ్లకి తల్లి చూడ్డానికి వచ్చినప్పుడు అబద్ధం చెప్పింది. "మాంసం వాళ్లు తిని నాకు తోలు పెడతారమ్మా, పొయ్యి దగ్గర కూర్చోనివ్వరు, జుట్టు పట్టుకుని లాగుతారు" అంది. ఇలా చెప్తే అప్పటికప్పుడు బండెక్కించుకుని తీసుకుపోతుందని పిల్ల ఆశ. తల్లి తీసుకుపోలేదు. పళ్లు బిగపట్టుకుని ఇంటికెళ్లింది. ఇంట్లో ఎటెల్క ఉంది. ఆరోజు నుంచి ఎటెల్క పక్క గొడ్ల కొట్టంలోకి మారింది, రొట్టె మీద కొవ్వు రాయడం ఆగిపోయింది, పిలుపులో పేరు పోయి "ఒసేయ్" వచ్చింది.

ఈస్టరుకి బొర్బాలా కూతుర్ని చూసుకుందామని వస్తే పిల్ల తలనిండా పేలతో, ఆగని దగ్గుతో గడ్డి మీద ఉంది. బొర్బాలా పోట్లాడలేదు. కూతుర్ని బండిలో పడుకోబెట్టుకుని వెళ్లి, అదే బండిలో యుడితని తెచ్చి దింపింది. దింపేముందు పిల్ల తల దువ్వి గట్టిగా జడ వేసింది, ఒళ్లో గసగసాల రొట్టె మూట పెట్టింది. యుడిత చేసిన పని ఆవిడకి అప్పటికే తెలుసు. తెలిసీ జడ వేసింది. ఆ జడ విప్పడానికి సిగ్గేసి యుడిత చాలా రోజులు అలాగే ఉంచుకుందట. ఎటెల్క బతికింది కానీ ప్రతి చలికాలం దగ్గుతూనే ఉంది. ఆ ఇంటి ముందునుంచి వెళ్లాల్సి వస్తుందని యుడిత జన్మంతా చేల గట్ల మీదుగా చుట్టు తిరిగి ఆ ఊళ్లోకి వెళ్లేది.

"విన్నావుగా," అనేది కథ అయ్యాక, మా గడ్డం పట్టుకుని. "బెంగేస్తే ఏడు. ఎంతైనా ఏడు. అంతేగానీ వాళ్ల మీద లేనిపోనివి చెప్పకు. నువ్విక్కడ నోరు జారితే అక్కడ ఇంకో పిల్ల వీపు పగులుద్ది."

మేమంతా ఆ కథ వినే బండెక్కాం. ఎందరమో నాకు తెలియదు. నాలుగు ఊళ్లలోనూ ఇప్పుడు సంసారాలు చేస్తున్నవాళ్లలో చాలామంది ఆ వంటింట్లో కూర్చుని లేచినవాళ్లే. తన తప్పు దాచుకోకుండా ఊళ్లో పిల్లలందరికీ చెప్పుకున్న మనిషి అని పాస్టరుగారు కూడా మెచ్చుకునేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి వారంలో పారిపోవడానికి చూస్తారు. చేలకడ్డం పడి నడిస్తే ఇల్లు కనబడుతూనే ఉంటుంది మరి. అందుకని వచ్చీరాగానే వాళ్ల బూట్లు తీసి పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లు, ఇంట్లో తిరగడానికి చెక్క చెప్పులిచ్చేవాళ్లు. పిల్ల కుదురుకున్నాక బూట్లు తిరిగిచ్చేవాళ్లు. ఇది కూడా యుడిత చెప్పిన ఉపాయమే. అందరికీ నచ్చింది.

నాకు ముగ్గురు పిల్లలు పుట్టాక, సెర్బుల ఊళ్లో స్తోయ అనే విధవరాలు తన కూతురు దెసాంకని మార్పిడికి పంపుతానంది. ఉన్న ఒక్క గదిలోనే కాపురం, పిల్లకి భాష వస్తే బడి దొరుకుతుందని ఆశ. యుడిత ఆ పిల్లకి మా వీధిలోనే ఇల్లు చూసింది. జీనులు కుట్టే ఒంద్రెయ్ ఇల్లు. ఒంద్రెయ్ పెళ్లాం కత్రెన యుడితకి వరసకి మరదలు. చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషి, అరుగు మీద దుమ్ము కనబడనివ్వదు. "మనోళ్లింట్లో పెడుతున్నా, నువ్వింక గుండె మీద చెయ్యేసుకుని పడుకో" అని స్తోయతో చెప్పి మరీ పంపించింది. కత్రెన కూతురు లూద్మిల స్తోయ ఇంటికి వెళ్లింది.

ఇప్పుడు చెప్పేది తర్వాత యుడిత నోటే విన్నాను.

మంచు పడడానికి ముందు ఒక ఆదివారం చర్చి వదిలాక దెసాంక వచ్చి ఆవిడ లంగా కుచ్చిళ్లు పట్టుకుంది.

"పెద్దమ్మా, నా బూట్లు ఇవ్వట్లేదు."

యుడిత నవ్వింది. "ఎందుకిస్తారే? నా మాట మీదే పెట్టెలో పెట్టారు. పారిపోదామని చూశావంటగా?"

"ఒక్కసారే. మొదట్లో."

"మరింకేం? కుదురుగా ఉండు, ఇస్తారు. ఆవిడ మంచిది."

"మంచిదే," అంది దెసాంక. ఆ తర్వాత నేలకేసి చూసి, తన భాషలో "నొ..." అంది.

ఆ పిల్ల భాషలో ఆ మాటకి 'కానీ' అని అర్థమని నాలుగు ఊళ్లకీ నేర్పిన మనిషి యుడిత. ఆ కానీ తర్వాత ఏముందో వినలేదు. చర్చి మెట్ల మీద పాస్టరమ్మ ఈవిడ కోసం చూస్తోంది, కాఫీకి పిలిచింది. యుడిత పిల్ల గడ్డం పట్టుకుని, "నీకు ఎటెల్క కథ చెప్పానుగా?" అంది. "మీ ఇంట్లో లూద్మిల ఉంది. గుర్తుంచుకో." దెసాంక తలూపి, కుచ్చిళ్లు వదిలేసి వెళ్లిపోయింది. ఎలా నడుస్తోందో కూడా యుడిత చూడలేదు.

మొహం చూడు, చెయ్యి చూడు అని అందరికీ చెప్పే మనిషి ఒక్కసారి కిందకి చూస్తే సరిపోయేది. నాకు ఆవిడ మీద ఇప్పటికీ కోపం పోలేదు. అదే సమయానికి జాలీ ఆగదు.

మంచు పడింది. బూట్లు పెట్టెలోనే ఉన్నాయి. కత్రెన ఆ పిల్లని కొట్టలేదు, తిట్టలేదు. తెల్లారగట్ల లేపి బాతులకి మేత వెయ్యమనేది, నూతి దగ్గర మంచు పగలగొట్టి నీళ్లు తెమ్మనేది. చెక్క చెప్పుల్లో, చిరిగిన మేజోళ్లతో ఆ పిల్ల చలికాలం అంతా తిరిగింది. బూట్లు ఇస్తే పారిపోతుంది, పారిపోతే పనికి మనిషి ఉండదు. కత్రెన లెక్క అంతే. కాళ్లు నల్లబడుతుంటే గుడ్డలు చుట్టుకుని పైన లంగా దించుకునేది దెసాంక.

కోతల దాకా పిల్లల్ని చూడ్డానికి ఎక్కువగా రావద్దని తల్లిదండ్రులకి చెప్పేది కూడా యుడితే. చూస్తే పిల్లలు బెంగ పెట్టుకుంటారని. స్తోయ ఆ మాట పట్టుకుని చాలాకాలం ఆగింది. చివరికి ఉండబట్టలేక, అల్లిన ఉన్ని మేజోళ్లు తీసుకుని మంచులో నడుచుకుంటూ వచ్చింది. మేజోళ్లు తనే తొడుగుదామని కూతురి కాళ్లకి చుట్టిన గుడ్డలు విప్పింది. ఆ కేక మా ఇంటిదాకా వినబడింది.

పిల్లని వీపు మీద మోసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారు.

వీధంతా కత్రెన గుమ్మం ముందు చేరింది. యుడిత పరిగెత్తుకుంటూ వచ్చి ఆవిడ రెట్ట పట్టుకుంది.

"బూట్లెందుకివ్వలేదే, ముండా!"

"నువ్వేగా పెట్టెలో పెట్టమన్నావ్."

"వారం అన్నాను! ఒక్క వారం అన్నాను!"

"ఏమో, నాకు వారమని గుర్తులేదు. అయినా అదేం నోరు లేని పిల్లా? కాళ్లు నెప్పంటే నేనివ్వనా? ఒక్కరోజన్నా అడిగితేగా!"

యుడిత ఆ రెట్ట వదిలేసింది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మొహంలోంచి రక్తం దిగిపోవడం చూశాను.

మర్నాడు స్తోయ బండి కట్టించుకుని లూద్మిలని తెచ్చి ఒంద్రెయ్ ఇంటిముందు దింపింది. ఆ పిల్ల బుగ్గలు ఎర్రగా నిండుగా ఉన్నాయి. ఒంటి మీద స్తోయదే ఉన్ని శాలువా. దాన్ని వెనక్కి తీసుకోకుండా స్తోయ బండి తిప్పుకుంది. వీధిలో ఒక్కరం కూడా తలెత్తి ఆవిడ కేసి చూడలేకపోయాం. మా ఊళ్లో పుట్టినందుకు నాకు అంత సిగ్గేసిన రోజు ఇంకోటి లేదు.

యుడిత తర్వాత దెసాంకని చూడ్డానికి సెర్బుల ఊరికి వెళ్లింది. స్తోయ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పిల్ల పొయ్యి పక్కన పడుకుని ఉంది.

"నాతో ఎందుకు చెప్పలేదే అమ్మా? అడిగితే నేనిప్పించేదాన్నిగా?"

దెసాంక ఆశ్చర్యంగా చూసిందట. "చెప్తే లూద్మిలకి దెబ్బలు పడతాయన్నావుగా."

"అది అబద్ధం చెప్తేనమ్మా..."

"నిజం చెప్తే పడవని చెప్పలేదుగా పెద్దమ్మా."

పిల్లకి ఆవిడ మీద కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. లూద్మిల మంచిదని, వెళ్లేముందు తనకి అక్షరాలు దిద్దడం చూపిస్తానందని కూడా చెప్పిందట. యుడిత అక్కడ ఎంతసేపు నిలబడిందో ఆవిడకే గుర్తులేదు. ఆ పొయ్యిలో చోటుంటే దూరిపోయేదాన్నని నాతో అంది.

ఆరోజుతో మార్పిడి పని మానేసింది. మానేసి ఊరుకుంటే బాగుండేది. అప్పటిదాకా తన కథ ఎన్ని నోళ్లు మూసిందో తెలుసుకోవాలన్న పిచ్చి పట్టుకుంది ఆవిడకి. బురద రోజులు మొదలయ్యాక, తను పంపిన పిల్లలందరినీ వెతుక్కుంటూ నాలుగు ఊళ్లూ తిరగడం మొదలుపెట్టింది. వాళ్లిప్పుడు పిల్లలు కాదు. మీసాలవాళ్లు, కోడళ్లొచ్చినవాళ్లు. పొలంలో నాగలి ఆపి అడిగేది, పెళ్లి భోజనాల్లో పక్కకి పిలిచి అడిగేది. చర్చిలో గంటలు కొట్టే పావెల్ అయితే, తాను హంగేరీ వాళ్లింట్లో ఒక చలికాలం కుక్కతోపాటు పడుకున్నానని నవ్వుతూ చెప్పాడు. "వెచ్చగానే ఉండేది పెద్దమ్మా, ఆ కుక్క మంచిది" అన్నాడు. ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. ఆ తలుపు దగ్గర యుడిత చీకటి పడేదాకా కూర్చుందట, లోపల్నుంచి ఏమన్నా వినబడుతుందేమోనని.

మా ఇంటికి వచ్చేసరికి నేను రొట్టెకి పిండి పిసుకుతున్నాను. పిల్లలు ముగ్గురూ బల్ల చుట్టూ ఉన్నారు. లంగాల అంచులు మోకాళ్లదాకా బురద. కూర్చోమంటే కూర్చోలేదు.

"మర్గితా, నువ్వా జర్మన్లింట్లో ఉన్నప్పుడు నాతో ఏదన్నా చెప్దామనుకుని మానేశావా?"

"లేదు పెద్దమ్మా."

"కొట్టారా?"

"ఒకసారి. పాలకుండ పగలగొట్టినందుకు. మా అమ్మైతే ఇంకో రెండు వేసేది."

"తిండి?"

"మనింట్లోకంటే బాగా పెట్టారు. లావెక్కి వచ్చానని నువ్వే నవ్వావు."

"నవ్వానా?" అంది. "నేను నవ్వితే నువ్వింకేం చెప్తావు."

నిజంగానే నాకేం జరగలేదు. ఆ ముసలాయన నన్ను గుర్రం మీద తన ముందు కూర్చోబెట్టుకుని పాటలు పాడేవాడు. ఆయన భార్య తను పోయేదాకా నాకు పుట్టినరోజుకి పిండివంటలు పంపేది. అదంతా చెప్పాను. ఎంత చెప్తే యుడిత మొహం అంత పాలిపోతోంది. నాకు చిరాకొచ్చింది.

"ఏం జరగలేదంటే జరగలేదు! జరిగిందని చెప్తేగానీ నీకు నిద్ర పట్టదా ఏంటి?" అని అరిచాను. పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"బూట్లు?"

"వారం తిరక్కుండానే ఇచ్చేశారు."

"ఏవీ, చూపించు."

"ఏంటి చూపించేది?"

"కాళ్లు."

కాదనలేకపోయాను. పిండి చేతులు తుడుచుకుని, పిల్లలు చూస్తుండగా మేజోళ్లు విప్పి బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ బల్లకోడు పట్టుకుని నేల మీద మోకరించింది. నా పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసింది. రెండో పాదమూ అలాగే చూసింది. తర్వాత చంటిపిల్లకి తొడిగినట్టు మేజోళ్లు రెండూ తనే మళ్లీ తొడిగింది.

"బాగానే ఉన్నాయి," అంది.

"చెప్పాగా పెద్దమ్మా."

మెల్లిగా లేచి గుమ్మం దాకా వెళ్లింది. తలుపు మీద చెయ్యేసి ఆగి, నాకేసి తిరిగింది.

"ఇప్పుడు నిజం చెప్పు మర్గితా. నిన్నేం చేశారు?"